కార్డు సంచిలోనే ఉంది, డబ్బు ఎలా పోయింది?

ప్రశ్న: నేను ఉద్యోగం చేస్తున్నాను. జీతం పడే ఖాతా డెబిట్ కార్డుతోనే అన్నీ కొంటాను. రెండు నెలల క్రితం ఫోనులో ప్రకటన చూసి ఒక వెబ్‌సైటులో పిల్లలకు చెప్పులు కొన్నాను. సరుకు వచ్చింది, బాగానే ఉంది. గత వారం నేనెప్పుడూ పేరు వినని ఒక సంస్థకు చాలా చిన్న మొత్తం చెల్లించినట్టు సందేశం వచ్చింది. ఏదో పొరపాటై ఉంటుందని వదిలేశాను. మూడో రోజు తెల్లవారుజామున రెండు పెద్ద మొత్తాలు పోయాయి. కార్డు నా సంచిలోనే ఉంది. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, అసలు ఓటీపీ రానే లేదు. అయిదు రోజులైంది. మావారికి చెబితే నా అజాగ్రత్త అంటారని భయం. బ్యాంకువాళ్లూ అదే అంటారేమోనని అక్కడికీ వెళ్లలేదు. తప్పు నాదేనా? ఇకమీదట కార్డు మానేయాలా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం ఈ ఉదయమే చూశాను. ముందు వచ్చిన ఉత్తరాలను పక్కన పెట్టి మీకు రాస్తున్నాను. మీ విషయంలో ఒక్కో పూటా విలువైనదే. అందుకే ఈ జవాబంతా చదవడానికి ఇప్పుడే కూర్చోకండి. కార్డు బయటికి తీసి, దాని వెనుక ముద్రించిన నంబరుకు ఫోను చేయండి. ఇంటర్నెట్‌లో వెతికితే కనిపించే నంబర్లు వద్దు, సందేశాల్లో వచ్చే నంబర్లు అసలే వద్దు. బ్యాంకువాళ్లకు మూడు మాటలు చెప్పండి: ఈ కార్డును వెంటనే ఆపేయండి, ఈ చెల్లింపులు నేను చేసినవి కావు, నా ఫిర్యాదు సంఖ్య ఇవ్వండి. ఆ సంఖ్యనూ, మీరు మాట్లాడిన సమయాన్నీ కాగితం మీద రాసుకుని, అప్పుడు వచ్చి మిగతాది చదవండి.

మాట్లాడారు కదా. ఇక మీ మొదటి ప్రశ్న. తప్పు మీది కాదు. మీ మనసు కుదుటపడాలని ఈ మాట అనడం లేదు. కార్డు ఎలా పనిచేస్తుందో తెలిస్తే మీకే అర్థమవుతుంది.

కార్డు మన దగ్గర ఉంటే డబ్బు మన దగ్గర ఉన్నట్టేనని మనందరికీ ఒక నమ్మకం. తాళంచెవి కొంగున ఉంటే ఇల్లు భద్రం అనుకున్నట్టు. కానీ ఇంటర్నెట్‌లో కొనేటప్పుడు ఆ ప్లాస్టిక్ ముక్కతో పనే లేదు. దాని మీద ఉన్న అంకెలు చాలు. ఆ అంకెలను మనం ఇప్పటిదాకా కొన్న ప్రతి చోటా మనమే చెప్పి వచ్చాం. కార్డు నంబరును రహస్యంగా ఉంచడానికి తయారు చేయలేదు. మొదటి ఆరో ఎనిమిదో అంకెలు ఏ బ్యాంకు కార్డో చెబుతాయి. చివరి అంకె మిగతా అంకెలన్నిటినీ ఒక సూత్రం ప్రకారం కలిపితే వచ్చేది. కంప్యూటర్లు తయారుచేసే ఐబీఎం సంస్థలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో ఆ సూత్రానికి పేటెంటు అడిగారు, 1960లో అది దక్కింది. అంకెలు కొట్టడంలో దొర్లే పొరపాట్లను పట్టుకోవడం దాని పని. దొంగను ఆపడానికి దాన్ని ఎవరూ తయారు చేయలేదు. సూత్రం అందరికీ తెలిసిందే కాబట్టి, లెక్కకు సరిపోయే నంబర్లను దొంగ కంప్యూటర్‌తో కుప్పలుగా పుట్టించగలడు.

మరి గడువు తేదీ, వెనుక ఉన్న మూడంకెల సీవీవీ? వాటి మాటా ఇంతే. 2016లో బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ లెక్క విప్పి చూపించారు. కార్డు సాధారణంగా అయిదేళ్లకు మించి చెల్లదు కాబట్టి గడువు తేదీ కనుక్కోవడానికి ఎక్కువలో ఎక్కువ 60 ప్రయత్నాలు చాలు. మూడంకెలకు 1000 చాలు. ఒకే వెబ్‌సైటులో వరుసగా తప్పులు కొడితే ఆ సైటు ఆపేస్తుంది. అవే ప్రయత్నాలను వందల సైట్లకు తలా కొన్ని పంచితే ఏ ఒక్క సైటుకూ అనుమానం రాదు. కార్డు చెల్లింపులను బ్యాంకుల మధ్య నడిపే వ్యవస్థల్లో, అప్పట్లో మాస్టర్‌కార్డ్ వ్యవస్థ పది ప్రయత్నాల లోపే దీన్ని పసిగట్టిందనీ, వీసా వ్యవస్థ పసిగట్టలేకపోయిందనీ ఆ పరిశోధకులు చెప్పారు. అంటే, మీరు ఒక్కసారి కూడా ఎవరికీ చెప్పకపోయినా మీ అంకెలు మరొకరికి దొరకవచ్చు.

చెప్పులు కొన్న సైటు మీదే మీకు అనుమానం ఉన్నట్టుంది. కావచ్చు, కాకపోవచ్చు. సరుకు సరిగ్గా పంపిన దుకాణం నుంచి కూడా అంకెలు పోతాయి. దుకాణదారుడికే తెలియకుండా అతని చెల్లింపు పేజీలో దొంగలు నాలుగు వరుసల కోడ్ చొప్పిస్తారు. మీరు కొట్టే ప్రతి అంకె దుకాణానికీ వెళ్తుంది, దొంగకూ వెళ్తుంది. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమాన సంస్థ సైటుకు ఇదే జరిగింది. దాదాపు రెండు వారాలు ఎవరూ గుర్తించలేదు. ఆ సంస్థకు 2020లో 2 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. అంత పెద్ద సంస్థ కనిపెట్టలేని దాన్ని ఫోను తెర మీద మీరు కనిపెట్టలేదని మిమ్మల్ని ఎవరైనా తప్పుపడితే, అది అన్యాయం.

ఓటీపీ ఎందుకు రాలేదన్నది మంచి ప్రశ్న. అది ప్రపంచమంతటా తప్పనిసరి కాదు. కొన్ని దేశాల్లో నిబంధన ఉంది. చాలా చోట్ల అడగాలో వద్దో అమ్మేవారే తేల్చుకుంటారు. దొంగకు ఇది బాగా తెలుసు. అడగని దేశంలో, అడగని దుకాణంలోనే మీ అంకెలు వాడతాడు. ‘ఓటీపీ చెప్పకపోతే చాలు’ అని మనకు అందరూ నేర్పారు. అది సగం పాఠమే.

ఆ మొదటి చిన్న మొత్తం గురించి. మీరు పొరపాటనుకుని వదిలేసింది దొంగ తలుపు తట్టి చూసిన చప్పుడు. చేతికి చిక్కిన అంకెలు పనిచేస్తున్నాయా లేదా అని దొంగలు ముందు అతి చిన్న మొత్తంతో పరీక్షిస్తారు. అది సాగితే, ఎవరూ కిక్కురుమనకపోతే, రెండు మూడు రోజుల్లో పెద్ద మొత్తాలకు దిగుతారు. మీ విషయంలో సరిగ్గా అదే వరుస, తెల్లవారుజాము ఎంచుకోవడంతో సహా. ఇకమీద మీరు చేయని చెల్లింపు కనిపిస్తే, అది ఎంత చిన్నదైనా సరే, ఆ రోజే కార్డు ఆపించండి. మొత్తం చిన్నదని ఊరుకోవద్దు. చిన్నదైతేనే ఎక్కువ భయపడాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది పోయిన డబ్బు కాదు, ఆ అయిదు రోజులు. మా పిన్నికి కొన్నేళ్ల క్రితం ఇలాగే జరిగితే ఏడు వారాలు ఎవరికీ చెప్పలేదు. పిల్లలు నవ్వుతారని, ఇక తన చేతికి డబ్బు ఇవ్వరని భయపడింది. ఆలోగా బ్యాంకు గడువు దాటిపోయింది. ఆ ఏడు వారాలూ ఆమె అన్నం సరిగ్గా తినలేదని తర్వాత తెలిసింది. దొంగ ఆమె డబ్బు తీసుకుపోయాడు. ఆమె సిగ్గు ఆ దొంగకు కావలసినంత వ్యవధి ఇచ్చింది. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. అన్నిటిలోనూ ‘ఎవరికీ చెప్పలేదు’ అన్న మాట ఉంటుంది. దాన్ని చదివిన ప్రతిసారీ నా గుండె కలుక్కుమంటుంది.

నిబంధనలు కూడా రోజుల లెక్క మీదే నడుస్తాయి. అమెరికాలో డెబిట్ కార్డు పోయిన సంగతి తెలిసిన 2 పనిదినాల్లో చెప్పినవారి నష్టానికి ఒక పరిమితి, ఆ తర్వాత చెప్పినవారికి అంతకు పది రెట్ల పరిమితి, స్టేట్‌మెంట్ వచ్చాక 60 రోజులు దాటితే ఆ తర్వాతి నష్టానికి పరిమితే లేదు. భారత రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన ఆదేశాల్లో, తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కానప్పుడు 3 పనిదినాల్లో చెబితే ఖాతాదారుకు నష్టం ఉండదన్నారు. 4 నుంచి 7 పనిదినాల్లో చెబితే నష్టం కొంతవరకే భరించాలన్నారు. మీకు వర్తించే గడువు ఏదో బ్యాంకును అడగండి. అయిదు రోజులైనంత మాత్రాన దారి మూసుకుపోదు. పదో రోజుకు మాత్రం ఇదే మాట చెప్పగలనో లేదో.

ఫోనులో చెప్పడంతో సరిపెట్టకండి. ఈరోజే రాతపూర్వకంగా కూడా ఇవ్వండి. ఏ తేదీన, ఏ సమయంలో, ఏ పేరుతో, ఎంత మొత్తం పోయిందో నాలుగు వరుసల్లో రాయండి. సందేశాల చిత్రాలు జతచేయండి. కార్డు మీ దగ్గరే ఉందని, ఓటీపీ రాలేదని స్పష్టంగా పెట్టండి. ఆ రెండు వాక్యాలే మీకు బలం. సైబర్ నేరాల పోలీసులకు కూడా ఫిర్యాదు ఇచ్చి, దాని నకలు బ్యాంకుకు పంపండి. మీ తరఫున బ్యాంకు ఆ దుకాణం బ్యాంకు నుంచి డబ్బు వెనక్కి రాబట్టే ఏర్పాటు ఒకటి ఉంది. దాన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. ‘చార్జ్‌బ్యాక్ కోరుతున్నాను’ అని ఆ పేరుతోనే అడగండి. పేరు పెట్టి అడిగినవారి మాటను కౌంటరులో తేలికగా తోసేయలేరు.

కొత్త కార్డు వచ్చాక ఒక చిక్కు ఉంది. నెలనెలా డబ్బు కోసుకునే చందాల కోసం, మారిన కార్డు నంబరును ఆ సంస్థలకు కార్డు వ్యవస్థే అందజేసే ఏర్పాటు కొన్ని చోట్ల ఉంది. మనకు సౌకర్యం కోసం పెట్టినదే. కానీ మీరు ఎరగని సంస్థ ఏదైనా అలా నెలవారీ అనుమతి రాయించుకుని ఉంటే కొత్త కార్డుకూ అంటుకుని వస్తుంది. పాత కార్డు మీద ఉన్న నెలవారీ అనుమతులన్నీ రద్దు చేయమని విడిగా అడగండి.

ఇక రెండో ప్రశ్న. కార్డు మానేయనక్కర లేదు. కానీ ఆ కార్డు మానేయండి, అంటే జీతం ఖాతాకు ముడిపడిన డెబిట్ కార్డుతో కొనడం. డెబిట్ కార్డు మోసంలో పోయేది మీ డబ్బు. విచారణ ముగిసేవరకు ఇంటి అద్దె, పిల్లల ఫీజు ఆగిపోయేది మీ ఇంట్లోనే. క్రెడిట్ కార్డులో ముందుగా చిక్కుకునేది బ్యాంకు డబ్బు. బిల్లులో ఆ మొత్తాన్ని మీరు వివాదంలో పెట్టవచ్చు. నెలాఖరున పూర్తిగా కట్టేసే క్రమశిక్షణ ఉంటే, కొనుగోళ్లకు క్రెడిట్ కార్డే మేలని నా అభిప్రాయం. ఆ క్రమశిక్షణ మీద నమ్మకం లేకపోతే, అప్పు భారం దొంగ కంటే తక్కువేమీ కాదు. అప్పుడు వేరే బ్యాంకులో ఒక చిన్న ఖాతా తెరవండి. దానికి జీతంతో సంబంధం ఉండకూడదు. కొనేముందు కావలసినంత అందులో వేసుకుని కొనండి. దొంగ ఆ కార్డు అంకెలన్నీ సంపాదించినా దొరికేది అడుగున మిగిలిన చిల్లరే.

ఏ కార్డు అయినా, బ్యాంకు యాప్‌లో దాని అమరికలు ఒకసారి తెరిచి చూడండి. విదేశీ చెల్లింపులు, ఆన్‌లైన్ చెల్లింపులు, తాకించి కట్టడం, ఏటీఎం అని చాలా బ్యాంకులు విడివిడిగా స్విచ్చులు ఇస్తున్నాయి. విదేశీ చెల్లింపుల స్విచ్చు ఆపేసి ఉంచండి. అది ఆపి ఉంటే, ఓటీపీ అడగని పరాయి దేశపు దుకాణం దారి మూసుకుపోతుంది. రోజువారీ పరిమితి మీ అవసరానికి కాస్త పైన పెట్టండి. ప్రతి చెల్లింపుకూ సందేశం వచ్చేలా చూసుకోండి. అంకెలు దొంగ చేతిలో పడకుండా చూడటం మన చేతిలో సగమే ఉంది. పడిన అంకెలతో అతడు ఎంత దూరం వెళ్లగలడో తేల్చేది ఈ స్విచ్చులు. నన్నడిగితే, ఈ ఉత్తరంలో ఉన్న జాగ్రత్తలన్నిటిలో మొదట చేయవలసింది ఇదే. పది నిమిషాల పని.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ప్రకటన మీద నొక్కి దుకాణంలోకి వెళ్లకండి. పేరు మీరే టైపు చేసి వెళ్లండి. అక్షరం అటూ ఇటూ మార్చి అచ్చం అసలు దుకాణంలా కట్టిన సైట్లు లెక్కలేనన్ని. చిరునామా పక్కన తాళం గుర్తు ఉంది కదా అంటారు. దారిలో మీ అంకెలు ఎవరూ చదవలేరనే ఆ తాళం చెబుతుంది. అవతలివాడు నిజాయితీపరుడని చెప్పదు. దొంగ సైట్లకూ ఆ తాళం ఉంటుంది. మీ బ్యాంకు ఒక్కసారికి మాత్రమే పనిచేసే కార్డు నంబరు ఇస్తుంటే, కొత్త దుకాణాల్లో అదే వాడండి. లేదంటే ఫోనులోని చెల్లింపు వాలెట్ ద్వారా కట్టండి. అప్పుడు దుకాణానికి వెళ్లేది మీ అసలు నంబరు కాదు, దానికి బదులుగా ఇచ్చిన వేరే నంబరు. దుకాణంలో దొంగలు పడినా అది మరెక్కడా పనికిరాదు. ‘మీ పొట్లం ఆగిపోయింది, చిన్న రుసుము కట్టండి’ అంటూ వచ్చే లింకులు మాత్రం ముట్టుకోవద్దు. ఆ రుసుము సాకు మాత్రమే. వాళ్లకు కావలసింది మీరు కొట్టబోయే అంకెలు.

దుకాణానికి వెళ్లి కొనేటప్పుడు కార్డును గీకడం కంటే గుచ్చడం మేలు, గుచ్చడం కంటే తాకించడం సులువు. ఎందుకో చెబుతాను. కార్డు వెనుక నల్లటి అయస్కాంత పట్టీ ఉంటుంది. 1960లలో ఐబీఎం ఇంజనీరు ఫారెస్ట్ ప్యారీ దాన్ని కార్డుకు ఎలా అతికించాలో తోచక అవస్థ పడుతుంటే, ఇస్త్రీ చేస్తున్న భార్య డొరొతియా ఆ పెట్టె వేడితోనే అతికించమన్నదట. ఆ పట్టీలో ఉండే సమాచారం ఎన్నడూ మారదు. ఒకసారి నకలు తీస్తే నకలు కూడా అసలుదే. 2013 చివర అమెరికాలో టార్గెట్ అనే సంస్థ దుకాణాల కౌంటరు యంత్రాల్లోకి దొంగలు చొరబడి దాదాపు 4 కోట్ల కార్డుల నుంచి ఎత్తుకుపోయింది, గీకినప్పుడు బయటపడే ఆ సమాచారాన్నే. గుచ్చినప్పుడు పనిచేసే చిప్ అలా కాదు. ప్రతి చెల్లింపుకూ కొత్త సంకేతం పుట్టిస్తుంది. నిన్నటి సంకేతం ఈరోజు చెల్లదు. తాకించినప్పుడూ ఇదే జరుగుతుంది. ఈ పట్టీని క్రమంగా వదిలించుకుంటామని, 2033 నాటికి తమ కార్డుల మీద అది ఉండదని మాస్టర్‌కార్డ్ 2021లోనే ప్రకటించింది. అప్పటిదాకా, చిప్ పనిచేయడం లేదు గీకుతామని అంటే వేరే యంత్రం తెమ్మనండి.

కార్డు మీ కంటికి కనిపించకుండా లోపలికి పోకూడదు. యంత్రాన్నే మీ దగ్గరికి తెప్పించుకోండి. తెర మీద మొత్తం చూశాకే పిన్ నొక్కండి. నొక్కేటప్పుడు రెండో చేతిని పైన గొడుగులా పట్టండి. ఏటీఎంకు దొంగ పరికరం బిగించేవారు పిన్ కోసం పైన చిన్న కెమెరా కూడా పెడతారు. చేయి అడ్డుంటే ఆ కెమెరా దండగ. కార్డు పెట్టే చోటు వదులుగా కదులుతుంటే, రంగు తేడాగా ఉంటే ఆ యంత్రాన్ని వదిలేయండి. దూరం నుంచి రేడియో తరంగాలతో కార్డు దోచేస్తారని భయపెట్టి ప్రత్యేకమైన పర్సులు అమ్ముతుంటారు. వాటికి డబ్బు పెట్టకండి. మీ అసలు ప్రమాదం అక్కడ లేదు.

రాబోయే వారాల్లో మరో మోసం మీ కోసం కాచుకుని ఉండవచ్చు. ఒకసారి మోసపోయినవారి వివరాలు దొంగల మధ్య చేతులు మారుతాయి. ‘బ్యాంకు మోసాల విభాగం నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు దొరికింది, వెనక్కి వేయాలంటే ఈ యాప్ పెట్టుకోండి, వచ్చిన సంఖ్య చెప్పండి’ అని ఫోను రావచ్చు. మీ పేరు, బ్యాంకు పేరు, పోయిన మొత్తం కూడా సరిగ్గా చెబుతారు. మనసు ఆశగా ఉన్న సమయంలో నమ్మబుద్ధి అవుతుంది. డబ్బు వెనక్కి ఇవ్వడానికి ఏ బ్యాంకుకూ మీ ఓటీపీ, పిన్ అవసరం లేదు, మీ ఫోను తెర చూడవలసిన పనీ లేదు. మాట మధ్యలో ఉన్నా పెట్టేయండి. కార్డు వెనుక నంబరుకు మీరే చేసి కనుక్కోండి.

మీవారికి ఈ రాత్రే చెప్పండి. ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే ఈ జవాబు ఆయన చేతికిచ్చి, న్యూకాజిల్ లెక్క ఉన్న పేరా ముందు చదవమనండి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఆయన కార్డు స్విచ్చులు కూడా చూడండి. ఆయన విదేశీ చెల్లింపుల స్విచ్చు కూడా తెరిచే ఉండి ఉంటుంది. బ్యాంకు ఏమన్నదో నాకు రాయండి. కాదంటే ఏ కారణం చెప్పి కాదన్నారో, వాళ్లు వాడిన మాటలతోనే రాయండి. పై అధికారికి వేసే అర్జీ నేను దగ్గరుండి రాయిస్తాను.